ప్లే బటన్ ఎవరిది?

ఒకే వీడియోను క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో తెరిచి చూడండి. బొమ్మ ఒకటే, మాట ఒకటే. అడుగున మీటల పట్టీ మాత్రం మూడు చోట్లా మూడు తీరులు. పేజీ తయారుచేసినవాళ్లకు అది నచ్చకపోయినా చేయగలిగింది తక్కువ. పేజీ వాళ్లది, పట్టీ బ్రౌజరుది. ఆ జానెడు జాగా మీద హక్కు ఎవరిదన్న తగాదా దాదాపు రెండు దశాబ్దాలుగా నడుస్తోంది.

అంతకుముందు ఈ పేచీ లేదు, ఎందుకంటే బ్రౌజరుకు వీడియో ఆడించడమే రాదు. రియల్‌ప్లేయర్, క్విక్‌టైమ్, విండోస్ మీడియా ప్లేయర్ వంటివి ప్లగిన్లుగా వచ్చి, పేజీలో ఓ మూల అద్దెకు దిగి, తమ బటన్లు తామే తెచ్చుకునేవి. 2002లో ఫ్లాష్ ప్లేయర్ 6 అనే మరో ప్లగిన్ వీడియోను అందుకోవడంతో కథ మారింది. ఫ్లాష్‌లో బటన్ ఎలా గీస్తే అలా ఉంటుంది. 2005లో పుట్టిన యూట్యూబ్ ఆ బండి మీదే ఊరేగింది. కానీ అందంగా గీసిన ఆ బటన్లలో చాలావాటికి కీబోర్డు అందేది కాదు. తెర చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అసలు కనిపించేవే కావు.

2007 ఫిబ్రవరిలో ఒపెరా సంస్థ వీడియోకు సొంత ట్యాగు ఉండాలని ప్రతిపాదించింది. దాని నుంచి రూపుదిద్దుకున్న ప్రమాణంలో ‘కంట్రోల్స్’ అనే ఒక్క మాట చేరిస్తే చాలు, మీటలు బ్రౌజరే చూపిస్తుంది. ఆడించడం, ఆపడం, ముందుకూ వెనక్కూ జరపడం, శబ్దం తగ్గించడం ఉండాలన్నారు. అవి ఎలా కనిపించాలో మాత్రం చెప్పలేదు. ఆ మౌనం కావాలని పాటించిందే. 2008 మార్చిలో సఫారీ 3.1 క్విక్‌టైమ్ పోలికలతో పట్టీ తెచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3.5 నల్లటి పారదర్శక పట్టీతో వచ్చింది. అదే ఏడాది క్రోమ్, 2011లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 ఈ వరుసలో చేరాయి.

అసలు రుచి లోపలి అమరికలో ఉంది. సఫారీ, క్రోమ్ రెండింటికీ అప్పట్లో ఇంజిన్ వెబ్‌కిట్టే. అందులో ఈ పట్టీని మామూలు వెబ్ ముక్కలతోనే, అంటే బటన్లు, స్లైడర్లతోనే కట్టి, వీడియో ట్యాగు కడుపులో దాచారు. పేజీలోని స్క్రిప్టుకు అవి కనబడవు. ఈ చాటు అమరికే షాడో డామ్. 2011లో గూగుల్ ఇంజినీరు దిమిత్రి గ్లాజ్‌కోవ్ రాసిన పరిచయ వ్యాసంతో ఆ పేరు వెబ్ తయారీదారుల నోళ్లలో పడింది. అయితే తలుపు పూర్తిగా మూయలేదు. లోపలి ముక్కలకు వెబ్‌కిట్ పెట్టుకున్న ఇంటిపేర్లు బయటికి పొక్కాయి. వాటిని పట్టుకుని కొందరు పట్టీకి రంగులేశారు, అక్కర్లేని బటన్లు మాయం చేశారు. అవి ప్రమాణంలో లేని పేర్లు. 2013లో క్రోమ్ వేరుకాపురం పెట్టి బ్లింక్ ఇంజిన్ తెచ్చుకుంది. తర్వాత పట్టీ రూపం మార్చినప్పుడల్లా పాత అలంకారాలు చెదిరిపోయాయి. ఫైర్‌ఫాక్స్ అయితే ఆ మాత్రం సందు కూడా ఇవ్వలేదు.

విసిగిన తయారీదారులు అసలు పట్టీని దాచేసి, సొంతది గీసుకోవడం మొదలుపెట్టారు. 2010లో అందుకు సాయపడే కోడ్ లైబ్రరీలు వీడియో.జేఎస్, మీడియాఎలిమెంట్.జేఎస్ వచ్చాయి. ఈ రెండోదాన్ని 2013లో వర్డ్‌ప్రెస్ 3.6 తనలో కలుపుకుంది. ఫ్లాష్‌ను సాగనంపుతూనే దాని అలవాటును ఇంట్లోకి తెచ్చుకున్నామన్నమాట! ఐఫోన్‌లో మాత్రం ఈ ఆటలు సాగలేదు. 2016లో ఐఓఎస్ 10 వచ్చేదాకా అక్కడ సఫారీలో వీడియో నొక్కితే తెరంతా పరుచుకునేది, మీటలన్నీ ఫోనువే.

క్రోమ్ 55 పట్టీలో డౌన్‌లోడ్ బటన్ పెట్టడంతో తగాదా ముదిరింది. 2017లో క్రోమ్ 58 ‘కంట్రోల్స్‌లిస్ట్’ ఇచ్చింది: ఫలానా బటన్ వద్దని పేజీ చెప్పవచ్చు, రంగు మార్చమని మాత్రం అడగకూడదు. బటన్ తీసేసినంత మాత్రాన ఫైలుకు తాళం పడదు, అది వేరే సంగతి. 2019 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 71 మరో అడుగు వేసింది. వీడియోను విడిగా చిన్న కిటికీలో చూపే బటన్‌ను, సైటు సొంత ప్లేయరు పెట్టుకున్నా సరే, దాని మీదే తేల్చింది.

నా ఓటు బ్రౌజరుకే. దాని పట్టీకి కీబోర్డు అందుతుంది, స్క్రీన్ రీడర్‌కు పేర్లు చెబుతుంది. బ్రౌజరును తెలుగులో పెట్టుకుంటే ఆ పేర్లూ తెలుగులోనే వస్తాయి. సొంతంగా గీసిన బటన్‌కు తయారుచేసినవాళ్లు రాసిన పేరే గతి. తెలుగు వార్తా సైట్లు కట్టేవారికి ఒక విన్నపం: కొత్త ప్లేయరు తగిలించే ముందు మౌసు పక్కన పెట్టి, ఒక్కసారి ట్యాబ్, స్పేస్ మీటలతో నడిపి చూడండి. బటన్లకు పేర్లు తెలుగులో పెట్టండి.