దుబాసీ కొడుకు: జాన్ బటిస్ట్ షార్బనో జీవితం, ఆధారాలు

అమెరికా పశ్చిమ సరిహద్దుల్లో తోళ్ల వ్యాపారం సాగిన రోజుల్లో మిశ్రమ సంతతి వేటగాళ్లకు, దారి చూపే మనుషులకు కొదవ లేదు. వారిలో జేమ్స్ బెక్‌వర్త్ తన కథను చెప్పి రాయించుకున్నాడు. అది 1856లో పుస్తకంగా వచ్చింది. జాన్ బటిస్ట్ షార్బనో (1805–1866) ఆ పని చెయ్యలేదు. అతని జీవితం మనకు ఇతరుల రాతల్లోనే దొరుకుతుంది. యూరప్‌లో చదివి వచ్చి అడవి పాలైన మేధావి అన్న కథ బాటసారుల ఆశ్చర్యంలోంచి పుట్టింది. పద్దులూ సైనిక నివేదికలూ పక్కన పెట్టుకుని చదివితే మాత్రం, తన విద్యలన్నిటినీ బతుకుతెరువుగా మలచుకున్న పనివాడు కనిపిస్తాడు.

తండ్రి తూసాన్ ఫ్రెంచి కెనడియన్, అమెరికా పశ్చిమాన్ని అన్వేషించిన లూయిస్–క్లార్క్ యాత్రకు దుబాసీ. తల్లి సకాజవియా అమెరికన్ ఇండియన్ తెగ షోషోనీకి చెందిన స్త్రీ. 1805 ఫిబ్రవరి 11న ఆ యాత్ర విడిది అయిన మాండన్ కోటలో ఆమెకు కాన్పు కష్టమైంది. లూయిస్ దగ్గరున్న గిలకపాము తోకలోంచి రెండు వలయాలు చిదిపి నీళ్లలో కలిపి తాగించారు. పది నిమిషాల్లో బిడ్డ పుట్టాడని విన్న లూయిస్, అది ఆ మందు మహిమేనా అని అనుమానిస్తూనే డైరీలో రాసుకున్నాడు. తర్వాత క్లార్క్ ఆ పిల్లవాణ్ణి సెయింట్ లూయిస్‌లో చదివించాడు. 1820 నాటి అతని పద్దుల్లో ‘సగం ఇండియన్ కుర్రాడి’ చదువుతో పాటు కట్టెలకూ సిరాకూ అయిన ఖర్చు కూడా ఉంది.

1823లో ప్రకృతి పరిశోధకుడైన వర్టెంబర్గ్ రాజవంశీకుడు పాల్ విల్‌హెల్మ్ ఇతన్ని యూరప్ తీసుకెళ్లాడు. ఆ ఆరేళ్లలో రాజవంశీకులతో సమానంగా మెలిగాడని, గొప్ప చదువు చదివాడని చాలామంది రాశారు. కాని జర్మనీలో దొరికిన చర్చి రిజిస్టరులో, 1829లో పుట్టి కొన్ని నెలలకే చనిపోయిన ఒక శిశువుకు తండ్రిగా నమోదైన ఇతను ఆ ప్రభువు కొలువులో ఉన్నవాడు. అతిథి అనడం కన్నా సేవకుడు అనడమే ఆధారానికి దగ్గర.

1829 చివర తిరిగివచ్చి బీవర్ల వేటలో దిగాడు. బీవర్ టోపీల మోజు తగ్గి ఆ వ్యాపారం చితికిపోయేసరికి అడవిదున్న తోళ్ల వైపు మళ్లాడు. 1842లో సౌత్ ప్లాట్ నదిలో నీళ్లు తగ్గి పడవలు కదలక, మనుషులతో సహా ఒక లంకలో చిక్కుబడ్డాడు. ఆ మకాంకి సెయింట్ హెలీనా అని పేరు పెట్టుకున్నాడు! నెపోలియన్ చెరను తలుచుకునే ఈ హాస్యం చదువుకున్నవాడిదే. అటుగా వచ్చిన అన్వేషకుడు ఫ్రేమాంట్‌కు పుదీనా కోయించి మద్యంలో కలిపి ఇచ్చాడు. ఉడికించిన దున్న నాలుక, ఆ చోట అపురూపమైన చక్కెర వేసిన కాఫీ పెట్టాడు. ఫ్రేమాంట్ నివేదికలో ఈ విందుకు చోటు దక్కింది గాని, తోళ్ల బరువుతో ఇసుకలో కూరుకుపోయిన వ్యాపారం వెనక్కి పోయింది. షార్బనోకి ఆ వేసవిలో అసలు చిక్కు అదే.

1846–47లో అమెరికా సైన్యంలోని మార్మన్ బెటాలియన్‌కు సాంతా ఫే నుంచి సాన్ డియేగో దాకా దారి చూపినవారిలో ఇతనొకడు. సుమారు 1,100 మైళ్లు. నీటి జాడ ముందుగా కనిపెట్టడమే ఆ ఉద్యోగం. ఆ నమ్మకంతోనే 1847 నవంబరులో సాన్ లూయిస్ రే మిషన్‌కు అల్కాల్డేగా, అంటే స్థానిక న్యాయాధికారిగా నియమించారు. ఏడాది తిరక్కుండానే ఆ పదవి వదిలాడు. సగం ఇండియన్ కనుక ఇండియన్ల పక్షం వహిస్తున్నాడని స్థానికులు ఫిర్యాదు చేస్తున్నట్టు అధికారుల ఉత్తరాలే చెబుతున్నాయి. దారి చూపినప్పుడు అక్కరకొచ్చిన పుట్టుకే తీర్పు చెప్పే చోట నేరమైంది.

తర్వాత కాలిఫోర్నియాలో బంగారం తవ్వాడు, ఆబర్న్‌లో హోటల్ గుమాస్తాగా చేశాడు. 1866లో మళ్లీ బంగారం కోసం మాంటానా వైపు బయలుదేరి, మే 16న ఆరెగాన్‌లోని ఇన్‌స్కిప్ స్టేషన్‌లో చనిపోయాడు. ఆబర్న్ పత్రిక ప్లేసర్ హెరాల్డ్ తల్లిది క్రో తెగ అని పొరపాటు రాసింది గాని, అతన్ని బ్రిడ్జర్, బెక్‌వర్త్‌ల కోవకు చెందిన వేటగాడిగా గుర్తించింది. అతని జీవితానికి ఇంతకన్నా సరైన అంచనా తర్వాతి జీవితచరిత్రల్లో అరుదు.