దిన్నె మీద చమురు, దిగువన రేవు

కువైట్ అంటే మా రాజంపేట వైపు జనానికి ఎడారి, షేకు ఇల్లు, దినారు. రేవు సంగతి ఎవరూ అడగరు. మీనా అల్ అహ్మదీ సౌత్ పియర్ మీద కాంట్రాక్టు మనిషిగా ఓడల తాళ్లు లాగినవాణ్ణి, నాకు మాత్రం కువైట్ అంటే ముందు ఆ రేవే.

దాని కిటుకంతా వెనకున్న దిన్నెలో ఉంది. బుర్గాన్ బావుల చమురును దాదాపు 400 అడుగుల ఎత్తున్న అహ్మదీ దిన్నె మీది ట్యాంకులకు ఎక్కిస్తారు. వాల్వు తిప్పితే చాలు, చెరువు తూము ఎత్తినట్టే, వాలు పట్టుకుని ఓడలోకి దిగిపోతుంది.

బుర్గాన్‌లో చమురు 1938లోనే పడింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942లో బావులు పూడ్చేశారు. చివరకు 1946 జూన్ 30న అమీరు షేక్ అహ్మద్ అల్ జాబర్ చక్రం తిప్పితే తొలి చమురు 'బ్రిటిష్ ఫ్యుసిలియర్' ఓడకెక్కింది. అప్పటికింకా పియర్ లేదు. ఓడ ఒడ్డుకు దూరంగా ఆగితే సముద్రం అడుగున వేసిన గొట్టాలతో నింపారు. రేవుకు ఆ అమీరు పేరే పెట్టారు.

అంతకుముందు కువైట్ వాళ్లే మన దేశానికి వచ్చేవాళ్లు! బూమ్ అనే తెరచాప ఓడల్లో బస్రా ఖర్జూరం బొంబాయికీ మలబారుకూ తెచ్చి అమ్మి, ఓడలు కట్టుకోవడానికి టేకు కొనుక్కుపోయేవాళ్లు. తాగే నీళ్లు సైతం షట్ అల్ అరబ్ నుంచి ఓడల్లోనే తెచ్చుకునేవాళ్లు. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలొచ్చి వాళ్ల ముత్యాల బేరాన్ని చంపేశాయి. 1961లో దినారు వచ్చేదాకా అక్కడ చెల్లింది మన దేశం అచ్చేసిన రూపాయే. ఈ మాట చెబితే మా రూములో కుర్రాళ్లు నవ్వేవాళ్లు.

1991 జనవరిలో, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైన్యం మా రేవు తాలూకు సీ ఐలాండ్ టెర్మినల్ నుంచి చమురును సముద్రంలోకి వదిలింది. అమెరికా విమానాలు ఒడ్డున గొట్టాల కూడలిని పేల్చాకే ధార తగ్గింది. ఓడలు నింపిన వాలే అప్పుడు సముద్రాన్నీ పాడుచేసింది.

బూమ్‌లు నడిపినవాళ్ల కొడుకులు కంపెనీ ఉద్యోగాల్లో చేరారు. తాళ్లు లాగడానికి మనం వెళ్లాం. మా వైపు వలసల చరిత్ర రాసేవాళ్లు ఏజెంట్లతోనూ వీసాలతోనూ కాదు, 1946 జూన్ 30తో మొదలుపెట్టాలి.