కణకోటకు ద్వారపాలకులు

కెంపేగౌడ 1537లో బెంగళూరు పేట చుట్టును మట్టికోట గట్టించి, హలసూరు, యలహంక, ఆనేకల్లు మొదలగు దారులకు ద్వారముల నేర్పరచెనని ప్రతీతి. గోడ యెంత దృఢమైనను, పురరక్షణము ద్వారపాలకుని వివేకముపై నాధారపడియుండును. జీవకణమందలి కేంద్రకమునకును ఈ న్యాయమే వర్తించును. వంశలక్షణములకు మూలమగు డి.ఎన్.ఏ. దానిలో నున్నది, డి.ఎన్.ఏ.కు వలయు ప్రోటీనులు వెలుపల తయారగును. కావున రాకపోకలు తప్పవు. వీనిని నియమించున దేది?

1950లో కాలన్, టామ్లిన్ అను శాస్త్రజ్ఞులు ఉభయచరముల అండకణములను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో పరీక్షించి, కేంద్రకత్వచమున రంధ్రములు గలవని తెల్పిరి. అవి వట్టి బెజ్జములే యైనచో, చిన్నవన్నియు చొరవలెను, పెద్దవన్నియు ఆగవలెను. 1982లో డింగ్వాల్, షార్నిక్, లాస్కీ అనువారు కప్ప అండములందలి న్యూక్లియోప్లాస్మిను అను ప్రోటీనుతో ఈ విషయమును పరీక్షించిరి. సంపూర్ణమైన ప్రోటీను లోనికి పోయెను. తోకలను ఖండింపగా మిగిలిన భాగము పరిమాణమున చిన్నదయ్యును వెలుపలనే నిలిచిపోయెను. ప్రవేశమునకు పరిమాణ మొక్కటియే చాలదు, ముద్ర కావలెనని దీనివలన తేలినది. 1984లో ఎస్.వి. 40 అను వైరసు ప్రోటీనునందు ఆ ముద్ర యేడు అమైనో ఆమ్లముల వరుస యని బయల్పడెను. అందొక్క లైసీను మారినను ప్రవేశము నిలిచిపోవును.

ముద్రను గుర్తించి సరుకును మోసికొనిపోవు ఇంపోర్టినులును, వానికి తోడగు రాన్ అను ప్రోటీనును 1990 తరువాతి దశకమున వెల్లడియైనవి. కేంద్రకమున రాన్ జి.టి.పి.తో కూడియుండి, ఇంపోర్టినును పట్టుకొని సరుకును దింపించును. వెలుపల జి.టి.పి. విచ్ఛిన్నమై ఇంపోర్టిను మరల స్వేచ్ఛ పొందును. ఇట్లు ఖర్చయిన జి.టి.పి.ని తిరిగి నింపుటకు ఏ.టి.పి. తోడ్పడును. ఆ ఏ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కలిసి కనుగొనినవారు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సంవత్సరము లోహ్మాన్ కూడ దానిని వేరుగా కనుగొనెను.

ఇది కేవలము పండితుల వినోదము కాదు. కేంద్రకత్వచమునకు లోపలి ఆసరాయైన లామిను ప్రోటీనునందలి దోషమువలన బాలురకు అకాలవార్ధక్యము కలుగునని 2003లో తెలిసినది. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రమున లామినులపై పరిశోధనలు జరిగినవి. క్యాన్సరు కణములు తమను అదుపుచేయు ప్రోటీనులను కేంద్రకమునుండి వెడలగొట్టును. ఆ నిర్గమద్వారమును అడ్డగించు సెలినెక్సార్ అను మందు 2019లో అమెరికాయందు మజ్జకు సంబంధించిన యొక క్యాన్సరునకు అనుమతి పొందినది. ద్వారపాలకుడు తప్పినచో కోటకే ముప్పు. అతని తీరు తెలిసినచో వైద్యునకు దారి.