దూరం నుంచి పోర్టు మార్చడం: మూడు దశాబ్దాల కథ

2016లో తెలంగాణ కొత్త జిల్లాలతో పాటే నాగల్‌గిద్ద మండలమైంది. కర్ణాటక సరిహద్దున ఉన్న ఇలాంటి మండల కేంద్రంలో రెండు మూడు శాఖలు ఒకే స్విచ్‌ను వాడుకుంటే, ఒకరి ట్రాఫిక్ మరొకరికి చేరకుండా చూసేది వీల్యాన్. మరి ఆ స్విచ్‌లోని ఒక పోర్టును వేరే వీల్యాన్‌లోకి మార్చడానికి జిల్లా కేంద్రం సంగారెడ్డి నుంచి మనిషి బయల్దేరాలా, కూర్చున్నచోటే పని అవుతుందా?

కూర్చున్నచోటే ఈ పని చేసే తొలి సాధనాల్లో ఒకటి ఎస్‌ఎన్‌ఎంపీ, అంటే నెట్‌వర్క్ పరికరాలను దూరం నుంచి చూసుకునే నియమావళి. 1988 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 1067గా వెలువడింది. పరికరంలోని విలువను ‘గెట్’తో చదవొచ్చు, ‘సెట్’తో మార్చొచ్చు. అయితే వీల్యాన్‌లకు అప్పటికింకా ఉమ్మడి ప్రమాణం లేదు. సిస్కో ఐఎస్‌ఎల్ వంటి సొంత పద్ధతులే నడిచాయి. 1998లో ఐఈఈఈ 802.1క్యూ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. అది ఫ్రేముకు జోడించే ట్యాగులో వీల్యాన్ నంబరుకు 12 బిట్లు, వాడదగ్గవి 4094. మరుసటి ఏడాది ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 2674 ఈ వీల్యాన్‌లను ఎస్‌ఎన్‌ఎంపీకి అందించింది.

చిక్కంతా అక్కడే మొదలైంది. సిస్కో సొంత మిబ్‌లో (ఎస్‌ఎన్‌ఎంపీతో చదివే, మార్చే విలువల పట్టికలో) పోర్టుకు ఒక్క నంబరు రాస్తే చాలు. ఉమ్మడి ప్రమాణంలో మాత్రం మూడు చోట్ల దిద్దాలి: పోర్టు పీవీఐడీ (ట్యాగు లేకుండా వచ్చే ట్రాఫిక్ చేరే వీల్యాన్ నంబరు), వీల్యాన్ సభ్య పోర్టుల జాబితా, ట్యాగు లేకుండా పంపే పోర్టుల జాబితా. ఆ జాబితాల్లో ఒక్కో పోర్టుకు ఒక్కో బిట్. మొత్తం చదివి, ఒక బిట్ మార్చి, మళ్లీ మొత్తం రాయాలి. ఇద్దరు ఒకేసారి రాస్తే ఒకరి మార్పు చెరిగిపోతుంది.

భద్రత మరో లోటు. తొలి వెర్షన్లలో సంకేతపదం బాహాటంగా ప్రయాణించేది. 2002 ఫిబ్రవరిలో, ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయ పరీక్షల్లో బయటపడ్డ ఎస్‌ఎన్‌ఎంపీ లోపాలపై కంప్యూటర్ భద్రతా కేంద్రం సెర్ట్ హెచ్చరిక ఇచ్చింది. ఆ డిసెంబరులో, గుర్తింపు తనిఖీ, సంకేతీకరణ ఉన్న మూడో వెర్షన్ పూర్తి ప్రమాణమైంది. కానీ అంతకుముందే, అదే ఏడాది జూన్‌లో జరిగిన సదస్సులో నెట్‌వర్క్ నిర్వాహకులు, కాన్ఫిగరేషన్‌కు ఎస్‌ఎన్‌ఎంపీ సరిపోదని తేల్చిచెప్పారు. ఫలితంగా 2006లో కాన్ఫిగరేషన్ కోసమే నెట్‌కాన్ఫ్ అనే నియమావళి వచ్చింది. అందులో మార్పు ముగిసేదాకా ఇతరులు చేయిపెట్టకుండా తాళం వేయొచ్చు.

పరికరాల స్థితి కనిపెట్టడానికి ఎస్‌ఎన్‌ఎంపీ నేటికీ నమ్మదగ్గదే. మార్చడానికి మాత్రం జాగ్రత్త అవసరం. మారుమూల స్విచ్‌లను చూసుకునే మిత్రులారా, మూడో వెర్షనే వాడండి. రాసిన ప్రతి విలువనూ తిరిగి చదివి సరిచూడండి. మీ ఆదేశం ఏ పోర్టు గుండా చేరుతోందో, దాని వీల్యాన్‌ను దూరం నుంచి ముట్టుకోకండి.