మా బచ్చన్నపేట తాళ్లు, ఈదులు

హైదరాబాదు నగరమున గడచిన దశాబ్దిలో మైక్రో బ్రూవరీలు వెలసినది మొదలు, అక్కడికక్కడే కాచి పులియబెట్టిన బీరును చిన్నచిన్న గ్లాసులలో తెప్పించుకొని, ఒకదాని చేదును, వేరొకదాని పరిమళమును పోల్చి చూచుట యువకులకు ప్రీతికరమైన వినోదమైనది. రుచి నెరిగి త్రాగుట నేను మెచ్చదగిన పనియే యందును. అయితే జనగామకు పడమట, మెట్టపొలముల నడుమ నున్న మా బచ్చన్నపేట ప్రాంతమున ఈ విద్య కల్లు రూపమున తరతరాలుగా తాటి, ఈత చెట్ల క్రింద వర్ధిల్లుచున్నదనియు, దాని వెనుక ఒక చరిత్ర యున్నదనియు మా పిల్లలకే తెలియకపోవుట నాకు బాధ కలిగించును.

బ్రస్సెల్సు నగర పరిసరములందు లాంబిక్ అను బీరు గలదు. కాచిన ధాన్యరసమును రాత్రివేళ వెడల్పాటి తొట్లలో గాలికి విడిచి, ఎవరును ఈస్టు కలుపకయే, గాలిలోని సూక్ష్మజీవుల చేతనే దానిని పులియనిచ్చి, కొయ్యపీపాలలో ఏండ్ల తరబడి నిలువ యుంచుట అక్కడి సంప్రదాయము. మా కల్లు పులియుటయు అట్టిదే. భేదమంతయు కాలములోనే యున్నది. చెట్టుకు కట్టిన లొట్టిలో బొట్టు పడినది మొదలు పులియ నారంభించి, ప్రొద్దున తియ్యగా నున్నది మధ్యాహ్నమునకు పులుపెక్కి, మరునాటికి త్రాగుటకు పనికిరాకుండ పోవును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియుట ఆగి నీరా యగును. కల్లు ఇంత త్వరగా పులియుట చేతనే తాజా కల్లును దూరదేశములకు పంపుట సాధ్యము కాదు. త్రాగదలచినవాడే చెట్టు దగ్గరకు నడిచి రావలెను.

చెట్లలోను ఎంతో తేడా గలదు. ఈదును, అనగా ఈతచెట్టును, మొవ్వు క్రింద మొద్దున గీసి రసము తీయుదురు. తాటిని గెల కొనను పలుచగా చెక్కి తీయుదురు. ఈతకల్లు చలికాలమున తేటగా, తియ్యగా నుండగా, తాటికల్లు ఎండలు ముదిరిన కొలది ఘాటెక్కును. పోద్దాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు. చెరువు క్రింది చెట్టు కల్లునకును, రాతినేల మీది చెట్టు కల్లునకును ఒకే రుచి యుండదని, చవి చూచి చెట్టును చెప్పగల పెద్దలు మా ఊళ్లలో నుండెడివారు. మోకు, ముస్తాదుతో తెల్లవారకమునుపే చెట్టెక్కి కల్లు గీయు గౌడన్న చేతి నేర్పును బట్టియు రుచి మారును. కల్లుమండువలో కూర్చుండి, తాటిరేకను దోసిట పట్టి, గుడాలు నంజుకొనుచు త్రాగునప్పుడే ఆ రుచి తెలియును గాని, సీసాలో పోసి పట్టణమునకు తెచ్చినచో తెలియదు.

ఈ చెట్ల క్రిందనే మా ప్రాంతపు చరిత్రలో ఒక మహాఘట్టము పుట్టినది. జనగామకు తూర్పున నున్న ఖిలాషాపురమునకు చెందిన సర్వాయి పాపన్న గీతకులమున జనించి, మోకు విడిచి కత్తి పట్టి, కోట కట్టి, మొగలు అధికారమును ఎదిరించినవాడు. మాకు దక్షిణమున కూతవేటు దూరమున నున్న కొలనుపాక ఫౌజుదారు అతనిపై పంపిన సేన ఓడి, దాని నాయకుడు కాసింఖాను హతుడాయెను. 1708లో పాపన్న వరంగల్లుపై పడి కొల్లగొట్టెను. తాటికొండ ముట్టడి నుండి గాయములతో తప్పించుకొని, హసనాబాదులో ఒక కల్లు దుకాణమున కల్లడుగగా, దుకాణదారు గుర్తుపట్టి పట్టించెనని మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాను తన చరిత్రలో వ్రాసెను. 1710లో పాపన్నను చంపించిరి. కల్లుతో మొదలైన ఆ బ్రతుకు కల్లు దుకాణముననే చిక్కుపడిన తీరు చదివినప్పుడెల్ల నా మనస్సు కలతపడును.

పాపన్న తరువాతి కాలమున, నిజాము రాజ్యములో ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద ఆధారము. చెట్టుకు పన్ను కట్టి, గుత్తేదారుకు లొంగి, ఆపైన దొర గడీకి కల్లును వెట్టిగా మోయవలసిన గౌడులు, నాటి నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకాలో దొరలపై లేచిన రైతుకూలీలతో చేతులు కలిపిరి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ఒరిగిన ఆ రైతు పోరాటము వెనుక ఈ వెట్టియు నున్నది. ఇక కళ విషయమున, మాకు ఉత్తరమున నున్న చేర్యాల నకాశీ చిత్రకారులు గౌడుల కులపురాణమును పొడవైన పటములపై వ్రాయగా, కథకులు ఊరూర వానిని విప్పి పాడెడివారు. గౌడుల దైవములగు ఎల్లమ్మకును, కాటమయ్యకును కల్లు సాక పోయనిదే నేటికిని పండుగ సాగదు.

ఇట్టి పానీయమునకు నేడు పట్టిన చీడ కల్తీ. చెట్టు గీయకయే, నీటిలో క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, ఆల్ప్రజోలం వంటి మందులను కలిపి కల్లని అమ్ముట తెలంగాణమున అనేక కుటుంబములను కూల్చినది. ఆ మందుకు అలవడినవాడు అది దొరకని నాడు వణకుచు పిచ్చివాడగును. చెట్లు తరిగినకొద్దీ ఈ విషమునకు చోటు పెరుగును. బావులు, బోర్లు వచ్చి మెట్టను మాగాణి చేసినప్పుడు గట్లమీది తాళ్లను నరికిరి. రోడ్లు వెడల్పు చేయునప్పుడు మరికొన్ని పోయెను. ప్రభుత్వ హరితహారము క్రింద ఈత మొక్కలు నాటించినది మంచి పనియే. కాని తాడు గీతకు వచ్చుటకు 15, 20 ఏండ్లు పట్టును. చెట్టుపై నుండి పడి చనిపోయినవారిని తలచుకొన్నచో, 2024లో ప్రభుత్వము ఆరంభించిన కాటమయ్య రక్షణ కవచము అను భద్రతా సామగ్రి ప్రతి గీతకార్మికునికి అందవలెనని నేను గట్టిగా కోరుదును.

మా వైపు వచ్చువారికి నా మనవి యొక్కటే: పాకెట్లలో అమ్ము దానిని ముట్టకుడు, గౌడన్న చెట్టు దిగి వచ్చువరకు ఓపికపట్టి, మితముగా, చెట్టు క్రిందనే త్రాగుడు. మా రైతులకును ఒక మాట: గట్టున నున్న తాడును నరకకుడు, దాని మొదలు దగ్గర చెత్త కాల్చకుడు.