పాత కార్ల రేడియేటర్ పునరుద్ధరణ

ఇంజన్ వేడిని మోసుకొచ్చే నీటిని సన్నని గొట్టాల గుండా పంపి, వాటిని అంటి ఉన్న పలుచని రేకుల మధ్య వీచే గాలితో చల్లార్చే రేడియేటర్, 1958లో హిందుస్థాన్ మోటార్స్ తయారీ మొదలుపెట్టిన అంబాసిడర్ వంటి కార్ల పాత నమూనాలలో రాగి, ఇత్తడి భాగాలను టంకంతో అతికి చేసినది కనుక, విప్పి బాగుచేయడానికి వీలైనది.

సింగరేణి గనులున్న రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఎండలు 45 డిగ్రీలకు చేరే రోజుల్లో ఈ వ్యవస్థకు అసలు పరీక్ష ఎదురవుతుంది. బొగ్గు ధూళి ఇంజన్ నూనె జిడ్డుతో కలిసి రేకుల సందుల్లో నల్లని ముద్దగా బిగుసుకుంటే, బోరునీటి లవణాలు గొట్టాల లోపల తెల్లని పొలుసుగా పేరుకుంటాయి. ధూళిని ఇంజన్ వైపు నుంచి గాలి కొట్టి వెనక్కి నెట్టాలి. పొలుసు తీయడానికి మాత్రం టంకం కరిగించి పై తొట్టిని విడదీసి, ఒక్కొక్క గొట్టంలో చదునైన ఉక్కు పట్టీని దూర్చి గీకి, తిరిగి అతికాక నీటిలో ముంచి గాలి ఎక్కించి, బుడగలు రావడం లేదని నిర్ధారించుకోవాలి.

గొట్టాలు పుచ్చిపోతే పాత ఇత్తడి తొట్టెలను నిలుపుకొని, నడిమి భాగమైన కోర్‌ను మాత్రమే మార్చడం మేలు. అల్యూమినియం రేడియేటర్ తేలికైనదే గాని, కారు అసలు రూపు పోతుంది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిని నిలిపే మూత నీటి మరుగు స్థానాన్ని సుమారు 110 డిగ్రీలకు పెంచుతుంది. అంతకు మించిన మూత బిగిస్తే పాత అతుకులు విచ్చుకుంటాయి.