ఫాల్గుణపు కొయ్య: తేరు, పలక, వెలివాడ

చలి వెనక్కిపోయి ఎండ ముదరక ముందు, ఫాల్గుణ మాసంలో, నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో చింతచెట్లు దులుపుతారు. వేరుశనగ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. వాన తక్కువగా పడే నేల ఇది. బెంగుళూరుకి పోయినవాళ్ళు పోగా, మిగిలిన మాల, మాదిగ ఆడవాళ్ళు పెంకు తీసి, గింజ కొట్టి, చింతపండు కూలి చేస్తారు. ఆ పండు హిందూపురం మార్కెట్టుకి పోతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే కదిరిలో నరసింహస్వామి తేరు కదులుతుంది. తేరు గురించి రాసినవాళ్ళు ఎందరో ఉన్నారు. చింతచెట్టు గురించి రాసేవాళ్ళు తక్కువ. ఈ రెండింటి కొయ్యనూ ఒకచోట పెట్టి చూడాలని మా ప్రయత్నం.

కదిరి పేరే చెట్టు పేరు అంటారు. ఖదిరం అంటే చండ్ర. ఫాల్గుణ పున్నమిని ఈ ప్రాంతం జనం కదిరి పున్నమి అనే పిలుచుకుంటారు. తేరు మీదికి దవనం, మిరియాలు విసురుతారు. ముస్లిములు కూడా మొక్కులు తీర్చుకుంటారు. ఇది మంచి సంప్రదాయమే, కాదనం. తేరు కొయ్య మీద చెక్కిన బొమ్మల్ని చూసి కళా చరిత్రకారులు శిల్పి నైపుణ్యాన్ని మెచ్చుకుంటారు. అదీ న్యాయమే. ఉలి పట్టిన వడ్రంగి కూడా శ్రమ కులమే గదా. అయితే కొయ్య పని ఉలి దగ్గర మొదలుకాదు, ఉలితో ఆగదు. మాను నరకాలి, మొద్దు మోయాలి, మోకు పేనాలి, చక్రం కింద చెక్క పెట్టి ఆపాలి. ఈ చేతులకు చరిత్రలో పేరు లేదు.

ఈ ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడ 1939 చట్టం గుడి తలుపులు తెరవడానికి అనుమతి మాత్రమే ఇచ్చింది. దళితులకు గుడి ప్రవేశం హక్కుగా వచ్చింది 1947 చట్టంతోనే. గుడి సంగతి అలా తేలింది గానీ మోకు సంగతి తేలలేదు. 1930 మార్చి 2న నాసిక్‌లో కాలారామ్ గుడి ముందు అంబేద్కర్ నాయకత్వాన సత్యాగ్రహం మొదలైంది. ఏప్రిల్ 9న రథం లాగే రోజు రెండు పక్షాల మనుషులూ కలిసి లాగాలని రాజీ కుదిరింది. తీరా దళితులు మోకు దగ్గరకు వచ్చేసరికి సవర్ణులు రథాన్ని దాటించుకుపోయారు. రాళ్ళు పడ్డాయి. తమిళనాడు శివగంగ జిల్లా కండదేవిలో ఇదే మోకు తగాదా కోర్టులకెక్కి, ఏళ్ళ తరబడి తేరు ఆగిపోయి, 2024 జూన్‌లో గానీ మళ్ళీ కదలలేదు. మోకు పట్టడం భక్తి సంగతి మాత్రమే అయితే ఇంత గొడవ ఎందుకు? ఊరంటే ఎవరు అన్న ప్రశ్నకు ఆ రోజు అందరి కళ్ళముందూ జవాబు చెప్పాల్సి వస్తుంది. అదీ భయం. చాలా ఊళ్ళలో తేరు రథవీధుల్లో తిరిగి రథశాలకు చేరుతుంది, వెలివాడ దారి దానికి తెలియదు.

ఫాల్గుణం తర్వాత ఉగాది. కొత్త ఏడాది అంటే అందరికీ ఒకటే అర్థం కాదు. పాలేరుకు ఉగాది అంటే జీతం మళ్ళీ కుదురుకునే రోజు, పాత బాకీ కొత్త లెక్కలోకి ఎక్కే రోజు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. చట్టం వచ్చిన మరుసటి ఉగాదికే లెక్క చిరిగిపోయిందని ఎవరూ అనుకోలేదు. రుతువు మారుతుంది, అప్పు మారదు.

చలికాలం చివర కొయ్యనూ కొత్త ఏడాదినీ కలిపే పండుగ లోకంలో ఇంకోచోట ఎట్లా ఉందో చూద్దాం. అమెరికాలో అరిజోనా ఉత్తరాన హోపీలనే ప్యూబ్లో ప్రజలున్నారు. వాళ్ళదీ ఎండిన నేలే, మొక్కజొన్న, చిక్కుడు పంటలే. ఫిబ్రవరిలో పొవాము అనే పండుగ చేస్తారు. బయట చలి కొరుకుతుండగా, కీవా అనే నేలలోపలి గదిలో నిప్పు వేడికి చిక్కుడు గింజలు మొలకెత్తిస్తారు. వానలు తెచ్చే కచినాలనే దేవతల బొమ్మలను కాటన్‌వుడ్ చెట్టు వేరుతో చెక్కి (పత్తిచెట్టు కాదది, ఏటి ఒడ్డున పెరిగే పెద్ద మాను) ఆడపిల్లల చేతికిస్తారు. బొమ్మను ఇంట్లో తగిలించుకుని పిల్ల ఆ దేవతను నేర్చుకుంటుంది. హోపీల్లోనూ వంశాల మధ్య హెచ్చుతగ్గులు ఉన్నాయి, అదేదో స్వర్గమని మేము చెప్పబోవడం లేదు. అయినా అక్కడ చెక్కిన కొయ్య ఊళ్ళో పిల్ల చేతికి చేరుతుంది. 2013 ఏప్రిల్‌లో హోపీల పవిత్రమైన ముసుగులను పారిస్‌లో వేలం వేశారు. వద్దని హోపీలు మొత్తుకున్నా అక్కడి కోర్టు ఆపలేదు. చూసేవాడికి అది కళ, వాళ్ళకు బతికున్న చుట్టం.

మన వెలివాడలో పిల్లల చేతికి చేరిన కొయ్య ఏది? పలక. తెలంగాణలో డప్పు అంటారు, మా వైపు పలక. చింత కొయ్యో వేప కొయ్యో తెచ్చి, వంపుగా చెక్కి, ముక్కలు కలిపి గుండ్రంగా చట్రం కడతారు. దాని మీద మేకతోలు బిగిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. ఒక చేత చిర్ర, ఒక చేత చిటికెన పుల్ల. జాతరకు, చావుకు, చాటింపుకు ఊరంతటికీ ఈ కొయ్యే కావాలి, కానీ దాన్ని కొయ్య పని అని ఎవరూ లెక్కవేయలేదు. తోలు తగిలింది కాబట్టి అంటు అన్నారు. తేరు బొమ్మ శిల్పం, పలక చట్రం మైల! 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకున్నది ఈ చాటింపు నుంచే. అవమానమని చెప్పిన పనిముట్టునే భుజాన వేసుకుని రోడ్డెక్కారు.

ఇప్పుడు ఇనుప చట్రాలు, ప్లాస్టిక్ తోళ్ళు వచ్చాయి. వానకు తడవవు, మంట అక్కరలేదు. వాయించేవాళ్ళకు సులువే, తప్పు పట్టలేం. అయితే కొయ్య చట్రం చేయడం తెలిసిన పెద్దలు వాడల్లో ఇంకా ఉన్నారు. ఈ ప్రాంతపు విద్యార్థులను మేము అడిగేది ఒక్కటే. వచ్చే ఫాల్గుణంలో చింతచెట్లు దులిపేటప్పుడు మీ తాతను కూర్చోబెట్టి అడగండి: చట్రానికి ఏ కొమ్మ పనికొస్తుంది, ఎన్నాళ్ళు ఆరబెట్టాలి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, చెట్టు ఎవరి పొలంలోది, కొమ్మ కొట్టుకోవడానికి ఎవరిని అడగాల్సి వచ్చింది. ఆయన చెప్పిన మాటల్లోనే రాసుకోండి.